పంపు దగ్గర సరే అనకూడదు

గుండెకు ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ గుండె పనీ ఊపిరితిత్తుల పనీ పంపు అనే ఒక యంత్రం చేస్తుంది. ఆ యంత్రాన్ని నడిపే విద్య నేర్చుకుంటున్న ఆ కోడలు పిల్లకు అన్నీ వచ్చు, నోరు ఒక్కటే రాదు. గొట్టాల్లో గాలిబుడగ మిగలకుండా తట్టి తట్టి తరమడంలో ఆమెకు సాటి లేరు. సర్జన్ ఏం చెప్పినా మాత్రం "సరే" అంటుంది, అదీ మాస్కు దాటని గొంతుతో.

పంపు దగ్గర సరే అనకూడదు. విన్న మాటనే గట్టిగా తిరిగి చెప్పాలి. "ఫ్లో తగ్గించు" అంటే "ఫ్లో తగ్గించాను" అనాలి. ఉత్త సరే అంటే ఏం విన్నావో, ఏం చేశావో ఎవడికి తెలుస్తుంది?

"ఏయ్ సరే పిల్లా," అంది పని నేర్పే అక్క. "రేపటి కేసులో నోరు పెగలకపోతే నిన్ను పాస్ చెయ్యను. ఇంకో ఏడాది గొట్టాలు బిగించుకుంటూ కూర్చో."

పెద్దల ముందు గొంతు లేపకని ఉగ్గుపాలతో నూరిపోసి, ఇప్పుడు అరవమంటే ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆడపిల్లలకు అణకువ నేర్పే పెద్దమనుషుల్ని ఒక్కపూట ఆ ఆపరేషన్ బల్లమీద పడుకోబెట్టాలి. అణకువ కావాలా, అరుపు కావాలా అని అప్పుడడగాలి.

ఇంటికొచ్చి వంటింట్లో కూలబడింది. సంగతంతా విని అత్తగారు చేతిలో గరిటె ఆడించింది.

"ఓస్, ఇంతేనా! నేనే సర్జన్ని. పొయ్యి తగ్గించు!"

"సరే అత్తయ్యా."

"నీ సరే తగలెయ్య! మళ్ళీ చెప్పు!"

"పొయ్యి తగ్గించాను."

"పక్కింటికి వినబడాలే!"

"పొయ్యి తగ్గించాను!"

కొడుకు కంగారుగా పరిగెత్తుకొచ్చాడు. "ఏంటమ్మా, పోట్లాడుకుంటున్నారా?"

"నువ్వు అవతలికి పో!" అంది తల్లి.

"అవతలికి పొమ్మన్నారు!" అని అరిచింది పెళ్ళాం.

మర్నాడు బల్లమీద ఒక లారీ డ్రైవరు. ఛాతీ తెరిచారు. రక్తం గడ్డకట్టకుండా మందిచ్చారు. ఆ మందు పనిచేసిందని పరీక్షలో తేలాకే పంపు తిప్పాలి. సర్జన్ గొట్టాలు అమర్చి, తలెత్తకుండానే అన్నాడు:

"పంపు ఆన్ చెయ్యి."

పరీక్ష నంబరు చాలలేదు. నాలిక చివరిదాకా సరే వచ్చింది. వెనక అక్క చెయ్యి గొట్టాన్ని నొక్కి మూసే క్లాంపు మీదికి చేరి, అక్కడే ఆగింది.

"పంపు ఆన్ చెయ్యను సార్!" అని అరిచింది కోడలు పిల్ల.

గది గదంతా ఉలిక్కిపడింది.

"ఏంటీ? మందిచ్చాంగా! నాకే చెప్తున్నావా?"

"మీకే చెప్తున్నా సార్! మందు చాల్లేదు. ఇప్పుడు తిప్పితే యంత్రంలోనే రక్తం గడ్డకట్టి మనిషి పోతాడు. ఆగండి! మత్తు డాక్టర్ గారూ, ఇంకో డోసు ఇవ్వండి!"

సర్జన్ ఆ నంబరు వైపు చూశాడు. రెండు చేతులూ వెనక్కి తీసుకున్నాడు.

"ఆగాను," అన్నాడు.

"డోసు ఇచ్చాను," అన్నాడు మత్తు డాక్టరు.

మళ్ళీ పరీక్ష చేస్తే నంబరు ఎగబాకింది. "ఇప్పుడు ఆన్ చేస్తున్నా సార్!" అని ఆమె పంపు తిప్పింది. నల్లగా పోయిన రక్తం ఎర్రెర్రగా తిరిగొచ్చింది. కుట్లు పడ్డాక గుండె ముందు వణికి, తర్వాత నిలదొక్కుకుని, ఎవరి సాయమూ అక్కర్లేదన్నట్టు కొట్టుకుంది. పంపు ఆగిపోయినా మనిషి ఆగలేదు.

సర్జన్ గ్లవ్స్ ఊడదీస్తూ అక్కతో అన్నాడు, "రేపు నా కేసుకి ఆ గయ్యాళినే పంపించు."

అక్క పంపు వెనకున్న తన స్టూలు ఎత్తి గోడవారకి జరిపేసింది.

"ఇంక ఇక్కడ నాకేం పని?" అంది.