ఎర్గాష్ సూటిగా జవాబు చెప్పాడు

మర్గిలాన్ ఊళ్ళో ఎర్గాష్ నోట సూటి జవాబు విన్నవాళ్ళు లేరు. టీ తాగుతావా అని అడిగినా ఏదో మెలిక పెట్టి, అడిగినవాడిని నలుగురిలో నవ్వులపాలు చేసి, ఆ తర్వాతే టీ గిన్నె అందుకునేవాడు. పెళ్ళిళ్ళలో అస్కియా ఆడటం, అంటే ఎదుటివాడితో మాటకు మాట విసురుకుంటూ జనాన్ని పొట్ట చెక్కలయ్యేలా నవ్వించడం అతని వృత్తి. ఆ ఎదుటివాడు ఎప్పుడూ తోజిబోయ్ అనేవాడే. ఇద్దరూ చిన్ననాటి స్నేహితులు. ఒకరినొకరు ఒక్క మంచి మాట అనుకుని ఎరగరు.

అలాంటి ఎర్గాష్ ఒక పెళ్ళిలో, తోజిబోయ్ మాటను తిప్పికొట్టబోతూ భళ్ళున రక్తం కక్కుకున్నాడు. అది కూడా ఆటలో భాగమే అనుకుని జనం ఇంకాస్త నవ్వారు. వాళ్ళని అని లాభం లేదు. అతన్ని చూస్తే నవ్వాలని వాళ్ళకు అలవాటు చేసినవాడు అతనే.

ఆసుపత్రిలో రక్తం ఆగింది గానీ, మళ్ళీ ఎప్పుడు మొదలవుతుందో చెప్పలేమన్నారు. సర్జన్ నిగోరా మంచం పక్కన కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"ఎప్పుడో వచ్చిన కామెర్లు మీ కాలేయాన్ని రాయి చేసేశాయన్నా. పేగుల నుంచి వచ్చే రక్తం అందులోంచి పారలేక వెనక్కి తన్నుతోంది. అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బి పగులుతున్నాయి. వాటికి ముడులు వేసి చూశాం, ఆగలేదు. ఇక ప్లీహం రక్తనాళాన్ని తీసుకెళ్ళి మూత్రపిండపు రక్తనాళానికి కలిపి కుట్టాలి. పక్కదారి దొరికితే ఒత్తిడి తగ్గుతుంది."

"పిల్లకాలువ తవ్వుతారన్నమాట. తవ్వండి. కానీ నీళ్ళ వంతుల్లో తేడా వస్తే మా వైపు పారలతో కొట్టుకుంటారు, ముందే చెప్తున్నా."

"ఇంకో సంగతుంది. కాలేయం వడకట్టాల్సిన మలినం కొంత ఆ దారినే మెదడుకి ఎక్కచ్చు. కొందరికి బుర్ర మందగిస్తుంది. అందుకే ఆపరేషన్ అయ్యాక రోజూ ప్రశ్నలు వేస్తాం. ఏదీ, ఇవాళ ఏ వారం?"

"కోతల వారం. కోతలు కొయ్యడం నా ఒక్కడి పనే అనుకున్నా డాక్టరమ్మా, మీదీ అదేనా?"

నిగోరా పకపకా నవ్వి వెళ్ళిపోయింది. ఆమె అటు వెళ్ళగానే ఎర్గాష్ ముఖం వాడిపోయింది.

"ప్రాణం నిలబెట్టి బుర్ర తీసేసుకుంటే ఆ మిగిలినవాడితో నాకేం పని సల్తనత్?"

"నీకు లేకపోతే నాకుంది పని," అంది భార్య. "పెళ్ళయిన దగ్గర్నుంచీ నీ నోటితో వేగలేక చస్తున్నా. నోరులేని మొగుడొస్తే నాకు పండగే. సంతకం పెట్టు."

అతను పెట్టాడు. ఆమె వరండాలోకి వెళ్ళి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆపరేషన్ చక్కగా జరిగింది. రక్తం మళ్ళీ పడలేదు, రంగు తేరింది, సూప్ కూడా తాగాడు. కొన్నాళ్ళకు ఒక ఉదయం నిగోరా వచ్చి ప్రశ్నలు అడిగింది.

"ఇవాళ ఏ వారం అన్నా?"

"గురువారం."

"మనం ఎక్కడున్నాం?"

"ఆసుపత్రిలో."

"ఈవిడెవరు?"

"నా భార్య సల్తనత్."

"నూటికి నూరు," అంది నిగోరా సంతోషంగా.

 సల్తనత్ డాక్టరు వెంటే గుమ్మం దాకా వెళ్ళింది.

"ఆయనకి బాగాలేదమ్మా."

"అన్నీ సరిగ్గా చెప్పారు కదక్కా?"

"అదేనమ్మా జబ్బు."

నిగోరా ఆమె భుజం తట్టి, నిద్ర చాలక అలా అనిపిస్తోందని చెప్పి, సాయంత్రం మళ్ళీ వస్తానని వెళ్ళింది. మంచి డాక్టరే, కానీ ఎర్గాష్‌తో కాపురం చేసినది ఆమె కాదు. సల్తనత్ తోజిబోయ్‌కి ఫోన్ చేసింది. అతను మధ్యాహ్నానికల్లా ఒక పెద్ద ఖర్బూజా చంకన పెట్టుకుని దిగాడు.

"అచ్చం నీ తలకాయలా ఉందని కొన్నాను రా. కోస్తే గానీ లోపల ఏమైనా ఉందో లేదో తెలీదు."

పసిపిల్లాడైనా తిప్పికొట్టగల మాట అది. ఎర్గాష్ దానివైపు చూసి, "బాగుంది. అక్కడ పెట్టు," అన్నాడు.

 తోజిబోయ్ తిన్నగా నిగోరా గదికి వెళ్ళి, "మావాడికి బుర్ర పనిచెయ్యట్లేదమ్మా, నా మీద ఒట్టు," అన్నాడు. గడ్డం నెరిసినవాడి కళ్ళలో నీళ్ళు చూసి ఆమె లేచి వచ్చింది. ఎర్గాష్‌ని చేతులు ముందుకు చాచి, ఎవరినో ఆపుతున్నట్టు అరచేతులు పైకెత్తి ఉంచమంది. అవి ఉన్నట్టుండి కిందికి వాలుతూ, మళ్ళీ లేస్తూ ఉన్నాయి. పేరు రాయమంటే అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి.

"రేపటికైతే నాకూ తెలిసేది," అంది సల్తనత్‌తో. "మీకు ఇవాళే తెలిసింది. భయం లేదక్కా, మలినం ఎక్కడం ఇప్పుడే మొదలైంది, తగ్గేదే. ఇక నుంచి మా పరీక్షలో మీ ఇద్దరి ప్రశ్నలు కూడా కలుపుకుంటాం."

పేగులు శుభ్రం చేసే తియ్యటి మందు మొదలుపెట్టారు. మలినం పెంచుతుందని మాంసం ప్రస్తుతానికి ఆపేశారు. తోజిబోయ్ రోజూ వచ్చి, కుర్చీ లాక్కుని, పాతవీ కొత్తవీ ఎత్తిపొడుపులు విసిరేవాడు. ఎర్గాష్ మర్యాదగా తలూపేవాడు. 

ఒక రోజు తోజిబోయ్ అన్నాడు, "నీకు మాంసం ఆపేశారటగా. ఇక పెళ్ళిళ్ళలో నీ వాటా కూడా నేనే లాగిస్తా."

 ఎర్గాష్ పెదవి ఒక పక్కకి వంగింది.

"రోజూ వచ్చి నా బుర్ర తింటూనే ఉన్నావు, ఇంకా కడుపు నిండలేదట్రా?"

తోజిబోయ్ తొడ చరుచుకుని, పక్క వార్డుకు వినిపించేలా నవ్వాడు. సల్తనత్ గోడకి ఆనుకుని నిలబడిపోయింది. ఎర్గాష్‌కి ఊపొచ్చింది.

"ఏంటే, అలా చూస్తావు? నేను లేని ఈ నాలుగు రోజులూ ఎలా గడిచాయి?"

"హాయిగా," అంది సల్తనత్. "ఇదే మంచం మీద మర్యాదస్తుడొకాయన ఉండేవాడు. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పేవాడు, పెట్టింది తినేవాడు. ఇంకో రెండు రోజులుంటే ఆయనతోనే లేచిపోయేదాన్ని. ఈలోగా నువ్వొచ్చి పడ్డావు."

ఎర్గాష్ నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్ళీ మూశాడు. మళ్ళీ తెరిచాడు.

 సల్తనత్ డాక్టరమ్మా అంటూ గుమ్మం వైపు పరిగెత్తబోతే తోజిబోయ్ అడ్డం వచ్చాడు.

"ఆగు వదినా, డాక్టరెందుకు? వాడికి జబ్బు తిరగబెట్టలేదు. నీ చేతిలో ఓడిపోయాడు."

ఎర్గాష్ దిండుని పొట్ట మీది కుట్లకి అదుముకుని, నవ్వాపుకోలేక, అవునని తలూపాడు. సల్తనత్ అక్కడే నేల మీద చతికిలబడి బావురుమంది. ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు.