పట్టీకి ముందు దగ్గు

రాగి ఆ నెలలో ముగ్గురిని కింద పడేసింది. మొదట బ్యాంకు ఆఫీసరు, తరువాత పళ్ళ డాక్టరు, ఆ తరువాత పళ్ళ డాక్టరు భార్య. ఎవరికీ ఎముకలు విరగలేదు. పళ్ళ డాక్టరుకు ఒక పన్ను కదిలింది. అది ఆయనే చూసుకున్నాడు.

రాగి మా స్వారీ బడిలో ఉన్న ఆడగుర్రం. తోమిన చెంబు రంగు. పుట్టినప్పుడు గడ్డితో ఒళ్ళు తుడిచింది నేనే. ఎనిమిదేళ్ళుగా జీను వేస్తున్నదీ నేనే. నడవమంటే నడుస్తుంది, పరుగెత్తమంటే పరుగెత్తుతుంది. ఉన్నట్టుండి ఏ కారణమూ లేకుండా పక్కకు ఒక్క గెంతు గెంతుతుంది. పైనున్నవాళ్ళు గెంతరు. అక్కడ ఇద్దరూ వేరవుతారు.

బడి నడిపేది టీచరమ్మ. ఎవరు పడినా "రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది" అంటుంది. మొదటి ఇద్దరికీ అదే చెప్పింది. మూడోసారి ఆ మాట చెల్లలేదు. పళ్ళ డాక్టరు భార్య మెత్తని మనిషి కాదు.

పశువుల డాక్టరు వచ్చి వీపంతా నొక్కి చూశాడు. నొప్పేమీ లేదన్నాడు. జీను మార్చాం. లాడాలు మార్చాం. నోట్లో పళ్ళేమైనా గుచ్చుకుంటున్నాయేమో చూడమంటే పళ్ళ డాక్టరు చూశాడు, దూరం నుంచి.

"శనివారం దాకా చూస్తాను తాతా. ఆ తరువాత బండ్లాయనకు ఇచ్చేస్తాను" అంది టీచరమ్మ. "నాకు మాత్రం ఇష్టమా? రేపు ఎవరికైనా మెడ విరిగితే బడే మూసుకోవాలి."

బండ్లాయనకు సరుకు బండ్లున్నాయి. ఆయన దగ్గరికి పోయిన గుర్రం మూడో ఏడు చూడదు. ఆయన చెడ్డవాడు కాదు. బండ్లు బరువు.

"నీకేమైనా తెలుసా?"

తల అడ్డంగా ఊపాను.

"తెలిసినా చెప్పవులే."

గురువారం మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళాను. రెండు ముద్దలు తిని చిన్నగా దగ్గాను. నా భార్య కడుపు మీద చెయ్యి పెట్టుకుని, పీట మీద కాస్త పక్కకు జరిగింది.

"ఎవరు పోయారు?" అంది.

"ఎవరూ పోలేదు."

"ఎవరూ పోకపోతే ఎందుకు దగ్గారు? మీరు ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడతారు. నాలుగూ చేదే. నాలుగింటికీ ముందు ఓ దగ్గు. మా అన్న ఇంటికి వెళ్ళొద్దన్నప్పుడూ దగ్గారు. కుట్టుమిషను అమ్మేద్దామన్నప్పుడూ దగ్గారు. ఆ దగ్గు వింటే చాలు, నా కడుపు బిగుసుకుపోతుంది. చెప్పండి, దేన్ని అమ్మాలి?"

కూరలో ఉప్పు లేదని చెబుదామనుకున్నాను. చెప్పలేదు. ఆవిడ కడుపు పట్టుకుని పక్కకు జరిగిన తీరు ఇంకెక్కడో చూశాననిపించింది. చెయ్యి కడుక్కుని లేచాను.

"ఎక్కడికి?"

"లాయానికి."

"మొగుడు గుర్రాల పాలైతే ఇంతే" అని కంచం తీసింది.

రాగి గడ్డి తింటోంది. జీను లేదు, పట్టీ లేదు. పక్కన నిలబడి దగ్గాను. చెవులు వెనక్కి పడ్డాయి. పొట్ట ఉబ్బింది. వెనక కాలు ఒక అడుగు పక్కకు వేసింది. కాసేపు ఆగి మళ్ళీ దగ్గాను. మళ్ళీ అంతే.

జీను జారకుండా గుర్రం పొట్ట కింద ఒక పట్టీ ఉంటుంది. దాన్ని నేను ఒక్క ఊపున లాగి బిగిస్తాను. లాగే ముందు దగ్గుతాను. నలభై ఏళ్ళ అలవాటు. దగ్గుతానని నాకే తెలియదు. దానికి తెలుసు. దగ్గు వినిపించిందంటే పొట్ట నొక్కుకుపోతుందని ఎనిమిదేళ్ళుగా నేర్చుకుంది. ఆ నెల చలి ఎక్కువ. ఊరంతా దగ్గుతోంది. బ్యాంకు ఆఫీసరైతే రుమాలు చేత్తో పట్టుకునే గుర్రం ఎక్కేవాడు.

నేను జీను వేసే మిగతా మూడు గుర్రాల దగ్గరా దగ్గి చూశాను. మూడూ పొట్టలు ఉబ్బించాయి. అవి ముసలివి. గెంతి ఏం లాభమని ఊరుకున్నట్టున్నాయి.

ఇక టీచరమ్మకు చెప్పాలి. చెబితే తప్పు నాదని చెప్పాలి. నలభై ఏళ్ళలో నా పనికి ఎవరూ వంక పెట్టలేదు. శుక్రవారం ఆమె ఫోనులో ఉంది. ఫోను పెట్టేశాక నేను లద్దె ఎత్తుతున్నాను. అలా ఆ రోజు పోయింది.

శనివారం పొద్దున్నే బండ్లాయన వచ్చాడు. నడక చూపిద్దామని టీచరమ్మే రాగిని ఎక్కింది. మైదానం చుట్టూ ఉన్న కర్రల కంచె దాకా వెళ్ళాను. చెబుదామని నోరు తెరిచాను. ముందు దగ్గు వచ్చింది.

రాగి గెంతింది. టీచరమ్మ ఇసుకలో కూర్చుంది.

"చూశావా తాతా? బెదరడానికి గాలి కూడా లేదు."

"నా వల్లే."

"ఏమిటి నీ వల్ల?"

చెప్పాను. ఆ నెలకు సరిపడా మాటలు అక్కడే అయిపోయాయి. ఆమె ఇసుక దులుపుకుని మళ్ళీ ఎక్కింది. ఈసారి జూలు గట్టిగా పట్టుకుంది.

"దగ్గు" అంది.

దగ్గాను. రాగి గెంతింది.

"మళ్ళీ."

నేను దగ్గకముందే బండ్లాయన దగ్గాడు. అది మామూలు దగ్గు కాదు, చుట్టల దగ్గు, మొదలైతే ఆగదు. రాగి కంచె ఈ మూల నుంచి ఆ మూలకు పోయింది.

"నేను పొద్దున లేస్తే ఇదే పాట" అన్నాడాయన కళ్ళు తుడుచుకుంటూ. "దీన్ని బండికి కడితే సరుకు ఊరంతా పంచుకుంటూ పోవాలి. నాకొద్దమ్మా."

ఆయన వెళ్ళాక టీచరమ్మ కిందికి దిగింది.

"ఇరవై రోజులిస్తాను. పట్టీ ఎలా బిగిస్తావో చూపించు."

చూపించాను. "అలా కాదు" అంది. నలభై ఏళ్ళ తరువాత నాకు పట్టీ బిగించడం నేర్పింది. ఒక్క రంధ్రం బిగించాలి. పది అడుగులు నడిపించాలి. ఇంకో రంధ్రం బిగించాలి. అదొక పని. రెండో పని, జీను లేనప్పుడు దగ్గి, వెంటనే ఒక క్యారెట్ ముక్క పెట్టడం. రోజుకు ముప్పైసార్లు. మొదట్లో ముక్క తింటూ కూడా చెవులు వెనక్కే పెట్టేది. పదకొండో రోజు దగ్గగానే చెవులు ముందుకు వచ్చాయి. ఆ పూట నేను రెండు ముక్కలు పెట్టాను.

ఇరవయ్యో రోజు బ్యాంకు ఆఫీసరు ఎక్కి దగ్గాడు. రాగి టక్కున ఆగింది. మెడ తిప్పి ఆయన మోకాలి దగ్గర క్యారెట్ కోసం వెతికింది.

"ఒక రోగం పోయి ఇంకోటి" అంది టీచరమ్మ. కానీ రాగిని ఉంచింది. ఆగిన గుర్రం మీద నుంచి పడడం కష్టం. పళ్ళ డాక్టరు అదీ సాధించాడు. అది ఆయన లోపమని అందరూ ఒప్పుకున్నారు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో అన్నం ముందు కూర్చుని దగ్గాను. నా భార్య చెయ్యి కడుపు మీదకు పోయింది.

"కూర బాగుంది" అన్నాను.

నా ముఖంలోకి చూసింది. "ఎవరు పోయారు?" అంది.

మర్నాడు మళ్ళీ దగ్గి, మళ్ళీ అదే చెప్పాను. నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరమేమో చూసింది. ఇవాళ ఆరో రోజు. రాగికి పదకొండు పట్టింది.