వెనక గ్లాసు మీద నిలువు గీతలు

జయరామ్ కారు గ్లాసులకి నల్ల ఫిల్మ్ వేయించిన రెండో నెలకల్లా ఇంటిల్లిపాదికీ ఆ కారెక్కాలంటే భయం పట్టుకుంది.

జార్జి టౌన్‌లో కాగితాల టోకు వ్యాపారం అతనిది. చేతిబండ్లూ సిటీ బస్సులూ ఒకదాన్నొకటి రాసుకుంటూ పోయే సందులో తెల్ల మారుతి కారుని నిలబెట్టుకుంటూ, దానికి చిన్న గాటు కూడా తగలకుండా రెండేళ్ళు నెట్టుకొచ్చాడు. మద్రాసు పేరు చెన్నై అయినంత మాత్రాన ఎండ తగ్గుతుందా! ఆ వేసవి తట్టుకోలేక పుదుపేటలో కార్లకి ఫిల్మ్ అతికించే మోసెస్ చేత నాలుగు గ్లాసులకీ లోపలివైపు ఫిల్మ్ వేయించాడు. ఒక్క బుడగ లేకుండా వేశాడు మోసెస్. జయరామ్ మురిసిపోయి వీధిలో కనబడిన ప్రతివాడినీ పిలిచి చూపించాడు.

ఆ మురిపెం ఎన్నాళ్ళో నిలవలేదు. వెనక సీట్లో ఎడమవైపు గ్లాసు మీద సన్నగా, వెంట్రుకల్లాంటి గీతలు పడ్డాయి. వారం తిరిగేసరికి ఇంకో రెండు. మిగతా మూడు గ్లాసులూ కొత్త పెళ్ళికొడుకుల్లా నిగనిగలాడుతుంటే ఆ ఒక్కదానికే ఏం మాయరోగమో అర్థం కాలేదు.

మొదటి అనుమానం భార్య జనని గాజుల మీదికి పోయింది.

"నేను కూర్చునేది ముందు సీట్లో కదండీ! ఆడనించి వెనక్కి సాగేదానికి నా చేతులేమన్నా రబ్బరువా?" అంది జనని.

నిజమే కదా. తర్వాత ఇంట్లో పాత పేపర్లతో గ్లాసులు తుడవడం మాన్పించాడు. ఆయుధపూజ నాడు జనని గ్లాసులకి గంధం బొట్లు పెడతానంటే, ఎండిన గంధం గరుకుగా ఉంటుందని పెద్ద రభస చేసి పెట్టనివ్వలేదు. వేళ్ళకి ఉంగరాలుంటే చుట్టాల్ని కూడా మధ్యలో కూర్చోమనేవాడు. అమ్మ చెంగమ్మనైతే చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు.

"అమ్మా, గ్లాసుకి ఆనుకోవద్దు. గీత పడతాది."

"సరేరా అప్పా," అంది చెంగమ్మ. ఆమె మాట్లాడేదే తక్కువ.

ఎన్ని చేసినా గీతలు ఆగలేదు. జయరామ్ ఒళ్ళు మండి మోసెస్ దగ్గరికి పోయాడు. నాసిరకం సరుకు అంటగట్టావని కేకలేశాడు.

"నామీద ఎగరొద్దు సార్, ముందు చూడండి," అన్నాడు మోసెస్, గ్లాసుకి ముఖం ఆనించి. "పేపరుతో తుడిస్తే గీతలు సుళ్ళు తిరగతాయి. ఇవి చూడండి, అన్నీ నిలువుగా ఉండాయి. గ్లాసు దిగే సందులో మెత్తటి పట్టీ ఉండాది కదా, దాంట్లో ఇసక ఇరుక్కోని, దించినప్పుడల్లా గీరతా ఉండాది. బ్రష్‌తో ఆ ఇసక దులపండి. తడిగుడ్డతోనే తుడవండి. అన్నిటికంటే ముందు, గ్లాసు దించొద్దు."

"ఏసీ కారయ్యా ఇది! గ్లాసు ఎవరు దించుతారు?"

"అది నాకేం తెలుసు సార్. ఎవురో దించతా ఉండారు."

ఎవరు? ఆ ప్రశ్న జయరామ్‌ని జోరీగలా పట్టుకుంది. కోపం కూడా వెనకబడింది, తెలుసుకోవాలన్న ఆత్రమే మిగిలింది. అంగట్లో కూర్చున్నా అదే, అన్నం ముందు కూర్చున్నా అదే. చివరికి అతనికే ఒక ఉపాయం తట్టింది. ఆదివారం పొద్దున గంధం అరగదీయించి, నాలుగు గ్లాసులకీ బయటివైపు, పైన రబ్బరూ గ్లాసూ కలిసే చోట బొట్లు పెట్టాడు. సగం రబ్బరు మీద, సగం గ్లాసు మీద. గ్లాసు కదిలితే బొట్టు చెదరక తప్పదు.

"ఇప్పటికైనా బుద్ధొచ్చింది," అని జనని చేతులు జోడించింది.

గురువారం దాకా నాలుగు బొట్లూ చెక్కుచెదరలేదు. శుక్రవారం సాయంత్రం చూస్తే ఎడమవైపు వెనక బొట్టు రెండు ముక్కలై ఉంది.

శుక్రవారం కారెక్కేది ఇద్దరే. తనూ, అమ్మా. వారం వారం మాధవరం దాటాక ఉన్న అమ్మవారి గుడికి ఆమెని తీసుకుపోతాడు. అప్పుడు గుర్తొచ్చింది అతనికి. మాధవరం పాల కాలనీ దగ్గరికి వచ్చేసరికి మెడ వెనక వేడిగాలి కొట్టేది, మనలి వైపు ఫ్యాక్టరీల కంపుతో సహా. ఏసీ పాడైందనుకుని మెకానిక్కుని నోటికొచ్చినట్టు తిట్టి, రెండుసార్లు గ్యాస్ నింపించాడు కూడా! పాపం ఆ మెకానిక్కు!

అమ్మకి ఏసీ పడకపోతే చెప్పొచ్చు కదా? దొంగచాటుగా దించడమెందుకు? అడిగేస్తే ఒక్క మాటలో తేలిపోయేది. అతనికి మాత్రం కళ్ళారా చూడాలనిపించింది.

తర్వాతి శుక్రవారం బయల్దేరేముందు, లోపలి చిన్న అద్దాన్ని అమ్మ మీదికి తిప్పుకున్నాడు. దారి పొడుగునా చెంగమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. పాల కాలనీ బస్టాపు కనబడగానే ఆమె చెయ్యి మెల్లగా గ్లాసు దించే హ్యాండిల్ మీదికి పోయింది. గ్లాసు నాలుగు వేళ్ళ మందం దిగింది. చెంగమ్మ ముఖాన్ని ఆ సందు దగ్గరికి చేర్చింది.

బస్టాపులో నీడకి కూడా పోకుండా, ఎండలో రోడ్డంచున ఒక ముసలామె నిలబడి ఉంది. చేతిలో వైరు బుట్ట. సందులో చెంగమ్మ కళ్ళు కనబడగానే ఆమె ముఖం విచ్చుకుంది. గడ్డం కొంచెం పైకెత్తింది, బాగున్నావా అన్నట్టు. చెంగమ్మ తలూపింది. కారు దాటిపోయింది. గ్లాసు పైకి లేచింది.

జయరామ్ ఆమెని గుర్తుపట్టాడు. రాసాత్తి పిన్నమ్మ! అమ్మ తోడబుట్టిన చెల్లెలు!

మనలి ఫ్యాక్టరీలో పనిచేసే వేరే కులం మనిషిని ఇష్టపడి కట్టుకుందని, ఆమెతో మాటే ఉండకూడదని నాన్న యతిరాజులు పదిహేనేళ్ళ కింద గిరి గీశాడు. నాన్న పోయి మూడేళ్ళైంది. ఆయన మాటని పట్టుకుని వేలాడుతున్నది మాత్రం జయరామే.

అతను కారుని పక్కకి తీసి ఆపాడు.

"ఎందుకమ్మా గ్లాసు దించినావు?"

చెంగమ్మ బెదిరిపోయింది. "మీ నాయన మాట నేను దాటలేదురా. ఇన్నేండ్లూ దాంతో ఒక్క మాట మాట్లాడలేదు. ఊరికే చూసుకుంటా ఉంటిమి, అంతే."

"చూసేదానికి గ్లాసెందుకు దించాల? లోపల్నించి అంతా అగపడతాదే!"

"నాకు అగపడతాదిరా. దానికి నేను అగపడద్దా?" అంది చెంగమ్మ. "నువ్వు ఈ నల్లకాగితం అతికించిన మొదటి వారం నేను ఈడనే కూర్చోనుండా. అది కారులోకి తొంగి తొంగి చూసింది. నేను లేననుకోని, కొంగు నోట్లో కుక్కుకోని ఆడనే కూలబడి ఏడ్చేసింది. నేను చచ్చిపోయినాననే అనుకునింటాది. గ్లాసు దించేలోపల నువ్వు దాటించేస్తివి."

జయరామ్‌కి ఏడుపొచ్చింది. కారుని మెల్లగా వెనక్కి పోనిచ్చాడు.

కారు వెనక్కి రావడం చూసి రాసాత్తి గబగబా నడవసాగింది. అతను దిగి పరిగెత్తి అడ్డం నిలబడ్డాడు.

"నేనేం చేయలేదప్పా," అంది ఆమె బుట్టని గుండెకి అదుముకుని. "బస్సు కోసరం నిలబడుండా."

"బస్సెందుకు పిన్నమ్మా? రా, కారెక్కు. గుడికి పోదాము."

ఆమె నమ్మలేనట్టు అతని ముఖం చూసింది. అతను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, వెనక తలుపు తీశాడు. చెంగమ్మ లోపలికి జరిగింది. రాసాత్తి తడబడుతూ ఎక్కింది. తలుపు వేసుకోబోతే బుట్ట వెళ్ళి గ్లాసుకి రాసుకుంది.

"ఒసే, చూసి! గ్లాసుకి గీత పడతాది!" అని చెంగమ్మ హడలిపోయింది.

పదిహేనేళ్ళ తర్వాత అక్క చెల్లెలితో అన్న మొదటి మాట అది. బయట నిలబడి విన్న జయరామ్‌కి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఆ మాట అమ్మకి నేర్పింది తనే కదా.

వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. వెనక్కి తిరిగి చూసే ధైర్యం చాలలేదు.

"పిన్నమ్మా, ఆ గ్లాసు దించేయి."

"ఒద్దురా, ఇసక ఉండాది, గీరుకుంటాది," అంది చెంగమ్మ.

"గీరుకోనీలేమ్మా. పూర్తిగా దించేయి."

రాసాత్తి హ్యాండిల్ తిప్పింది. పట్టీలో ఇసక కరకరలాడింది. వేడిగాలితో పాటు ఎండ లోపలికొచ్చి చెంగమ్మ ముఖం మీద పడింది. రాసాత్తి ఆ ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఆ సందులో కండ్లు మాత్రమే అగపడతా ఉన్నింది," అంది. "ఇంతగా చిక్కిపోయినావేమక్కా?"