ఖాళీ లేని కుర్చీ

తెల్లారగానే ఆమె చేసే మొదటి పని, పోయిన భర్త కుర్చీలో కూర్చోవడం. పొయ్యి మీద నీళ్లు పెట్టి, అవి మరిగి, కిటికీలోకి ఎండ ఎక్కేదాకా ఒంటి బరువంతా వదిలి కూర్చునేది. పేము అల్లిక నడిమధ్య కుంగిందని చూసుకున్నాకే వీధి తలుపు తీసేది.

ఆ ఊళ్లో పోయినవాళ్లు రోజూ పొద్దున్నే ఇంటికొచ్చి, తమ కుర్చీలో కాసేపు కూర్చుని వెళ్తారు. అల్లిక కుంగుతుంది. అలా కుంగినవాటిని బిగించడమే ఆమె పని. పాలకొట్టు ముసలాయన కుర్చీ ఎప్పుడూ ముందుకే కుంగేది. బతికున్నప్పుడూ ఆయన అంతే, ఎవరు పిలుస్తారోనని అంచునే కూర్చునేవాడు.

ఆమె భర్త తాళాలు బాగుచేసేవాడు. ఎండ మొహాన పడితేగాని మంచం దిగేవాడు కాదు. ఆయన పోయాక మొదటి పొద్దున ఆమె చీకటి విడీ విడకముందే వెళ్లి చూసింది. కుర్చీ పలకలా చదునుగా ఉంది. ఎవరైనా చూస్తారేమోనని గబగబా తానే కూర్చుంది. అప్పట్నుంచీ మానలేదు.

ఒకసారి మనసు ఆగక పక్కింటి పిన్నిని అడిగింది. "పిన్నీ, బాబాయి వచ్చి కూర్చోవడం ఎప్పుడైనా చూశావా?"

"చూడ్డమేంటే పిచ్చిదానా! పొద్దు పొడిచిందో లేదో దీపం పట్టుకుని వెతుకుతామా? వస్తారంతే."

"ఎవరైనా రాకపోతే?"

పిన్ని నవ్వు ఆగిపోయింది. "ఆ ఇంట్లో మిగిలినవాళ్లు ఇక ఎవరికోసం ఉంటారు? అయినవాళ్లు తీసుకుపోతారు, ఇంటికి తాళం పడుతుంది. ఎందుకొచ్చిన మాటలు, ఊరుకో."

ఊరందరికీ తెలిసిన సంగతి తన ఇంట్లో మాత్రం ఎందుకు నిజం కాలేదో ఎవరిని అడగాలి?

పైగా ఈమధ్య మరుపొకటి. కళ్లద్దాలు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికేది. పొయ్యి ఆర్పానా అని వీధి చివరినుంచి వెనక్కొచ్చేది. ఈ ఇంట్లోనైతే బుర్ర మరిచింది చేతులకి తెలుసు. కొత్త ఇంట్లో చేతులకీ దారి తప్పితే, తనకి తాను కూడా మిగలదు.

ఓరోజు పొద్దున వసారాలో కూర్చుని, నానబెట్టిన పేముతో దర్జీవాళ్ల కుర్చీ అల్లుతుంటే, "వదినా!" అంటూ ఆడపడుచు దిగింది.

"వీధిలో ఏదేదో అనుకుంటున్నారు. నిజం చెప్పు, అన్నయ్య వస్తున్నాడా? లేకపోతే ఇవాళే నాతో వచ్చెయ్. మేడమీద గది నీకోసమే సర్దించాను."

ఆమె పొద్దుటినుంచి చేసినవి తలుచుకుంది. ఇవాళ కూర్చున్నానా? నీళ్లు పెట్టింది గుర్తుంది. తలుపు తీసింది గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు. తడి చేతులతో లేచేసరికి ఆడపడుచు లోపలికి వెళ్లిపోయింది.

లోపలినుంచి నవ్వు, ఆ నవ్వులోనే ఏడుపు.

"చూడు వదినా, ఇంకా ఆ ఎడంపక్కకే! కుడిజేబులో గుచ్చుకునే ఆ తాళంచేతుల గుత్తి తీసి పక్కన పెట్టమంటే ఎప్పుడైనా విన్నాడా?"

ఆమె లోపలికొచ్చి చూస్తే, అల్లిక ఎడమవైపు లోతుగా కుంగి ఉంది. తానెప్పుడూ నడిమధ్యనే కూర్చునేది. చెయ్యి పెట్టి చూసింది. ఇంకా వెచ్చగా ఉంది.

"సరేలే, ఆ గది అద్దెకిచ్చుకుంటాను," అని ముక్కు తుడుచుకుంటూ ఆడపడుచు వెళ్లిపోయింది.

ఆమె కుర్చీ పక్కనే నేలమీద కూలబడింది. ఆమె కునుకు తీస్తుంటే కంచాలు కూడా చప్పుడు కాకుండా సర్దుకునే మనిషి ఆయన. ఇన్నాళ్లూ ఎండ ఎక్కాక వచ్చి, తన కుర్చీలో ఆమె ఉండటం చూసి, లేపడం ఎందుకని గుమ్మంలోంచే తిరిగి వెళ్లిపోయి ఉంటాడు.

మర్నాడు నీళ్లు పెట్టి, కిటికీ దగ్గరున్న ఆ కుర్చీకి వీపు తిప్పి, పీటమీద కూర్చుని దర్జీవాళ్ల అల్లిక ఒళ్లో పెట్టుకుంది. ఎండ కిటికీలోకొచ్చింది. కాసేపటికి వెనక పేము కిర్రుమంది. చేతిలో పనిమీద నీడ పడింది.

ఆమె తల తిప్పలేదు.

"కాస్త జరగండి, వెలుతురుకి అడ్డమొస్తున్నారు," అంది.

మళ్లీ కిర్రుమంది. ఒళ్లోకి వెలుతురొచ్చింది.