ఐదుగురి బొమ్మ

బల్గేరియాలోని ప్లోవ్దివ్ నగరంలో మందుల షాపులో పనిచేసే రాలిత్సా వారం రోజులు ఒక వెబ్‌సైటు ముందు కూర్చుని, తనకూ చిన్ననాటి నలుగురు స్నేహితురాళ్లకూ అరవైల నాటి తరహాలో కార్టూన్ బొమ్మలు చేసి, భుజాల మీద చేతులు వేసుకున్నట్టు ఐదుగురినీ ఒకే బొమ్మలో నిలబెట్టింది. ఎత్తుగా దువ్విన జుట్లు, చుక్కల గౌన్లు. గెర్గానా బుగ్గ మీది పుట్టుమచ్చ కూడా మరిచిపోలేదు. పెళ్లి కుదిరిన గెర్గానా, "కొత్తింట్లో గోడకి పెట్టుకుంటానే, పంపవే" అని బతిమాలి ఆ బొమ్మ తీసుకుంది.

నెల తర్వాత ఓ మధ్యాహ్నం రాలిత్సా జున్ను పెట్టి కాల్చిన బానిత్సా తింటుంటే, పక్క కౌంటరు లిల్యానా ఒక కార్డు చూపించింది. "మా వదినకి వచ్చింది. ఈ బొమ్మలు నువ్వు చేసినవే కదూ?"

అది గెర్గానా పెళ్లి పిలుపు. రాలిత్సాకు అలాంటి కార్డేదీ రాలేదు. బొమ్మలో నలుగురే ఉన్నారు. తను నిలబడ్డ చోట పూలకుండీ ఉంది. వెంటనే గెర్గానాకు ఫోన్ చేసింది.

"నన్నెందుకు తీసేశావే?"

"అబ్బా, ఇప్పుడది పట్టుకున్నావా! హాల్లో చోటు సరిపోలేదే. పిలవనిదాన్ని కార్డులో ఉంచితే జనం అడగరూ?"

"మిగతా ముగ్గురికీ తెలుసా?"

"కుండీ పెడదామన్నది వాళ్లేలే" అంది గెర్గానా.

గెర్గానా ఒక్కతే అయితే రాలిత్సా ఏడ్చి ఊరుకునేదేమో. కానీ ఇరవై ఏళ్ల స్నేహం ఉండి కూడా ఒక్కరైనా వద్దనలేదు. సాయంత్రం సైటు తెరిచి నలుగురినీ ఒక్కొక్కరిగా తుడిచేసింది. మిగిలిన తన బొమ్మ చెయ్యి, ఎవరి భుజం మీదో వేసినట్టు గాల్లో ఉండిపోయింది. ఆ చేతిని కిందికి దించే వీలు కోసం చాలాసేపు వెతికింది. దొరకలేదు.