కంచెకు అవతల ఇస్తారి

ఇస్తారిని పూడ్చిన మూడో రోజు గానీ ఆ దీవిలో కాకులు లేవన్న సంగతి మాకు తట్టలేదు.

పిట్టలకు కొదవ లేదు. తల ఎత్తితే పిట్టలే. కొండ అంచులన్నీ వాటి రెట్టతో సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండేవి. వెనకటికి ఇంగ్లీషువాళ్ళు ఆ రెట్టనే ఎరువు కోసం ఓడల్లో నింపుకుపోయారని మా కంపెనీ దుబాసీ వహీద్ చెప్పేవాడు. కానీ అవన్నీ సముద్రం పిట్టలు. చేప తప్ప మరొకటి ముట్టవు.

తమ్ముడు భూమయ్య అన్న కోసం అన్నం, గుడ్డు కూర వండి, పళ్ళెంలో పెట్టి, పక్కన ఒక బీడీ ఉంచి, మట్టికుప్ప దగ్గర పెట్టి వచ్చాడు. మేమందరం దూరంగా కూచున్నాం. మా దిక్కు పిట్టకు పెడితే పిట్ట ముట్టాలి. ముట్టలేదంటే పోయినవాడికి ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. ఎండ నెత్తి మీదికి వచ్చింది. అన్నం మీద ఇసుక పేరుకుంది. పైన వందల పిట్టలు తిరుగుతున్నాయి, ఒక్కటీ దిగదు.

"ఏం కోరిక మిగిలిందే అన్నా నీకు? ఇంటికి వోవుడే గదా," అన్నాడు భూమయ్య మట్టికుప్ప వైపు చూస్తూ. "అది నా శాతనైతదా? నేనే వోలేకున్న."

మేకలు తోలుకుంటూ అటుగా వచ్చిన జాహిదా ఆగి, మమ్మల్నీ పళ్ళేన్నీ మార్చి మార్చి చూసింది. ఆమె ఆ దీవి మనిషి, అరవై దాటి ఉంటాయి. వాళ్ళ భాష అరబ్బీ కూడా కాదు, వేరే. అరబ్బీ కొంచెం వచ్చు కనుక వహీద్‌తో మాట్లాడగలదు. వహీద్ హైదరాబాదువాడు. అతను విషయం చెప్పాడు. ఆమె తన గుడిసెకు పోయి, చేరెడు చేపలు తెచ్చి ఆ అన్నం మీద పోసింది. చెయ్యి తియ్యకముందే ఒక తెల్లపిట్ట దిగి, పళ్ళెం బోర్లా తన్ని, చేపను ఎగరేసుకుపోయింది.

"ముట్టింది! ముట్టిందిరా భూమా!" అని అరిచాడు తోటి కూలీ భీమన్న.

భూమయ్య లేచి పోయి జాహిదా కాళ్ళ మీద పడ్డాడు. ఆమె బెదిరి వెనక్కి జరిగింది. తన మేకను అడుగుతున్నాడనుకుందట పాపం. వహీద్ చెప్పాక నవ్వి, భూమయ్య నెత్తి మీద చెయ్యి పెట్టింది.

ఆ దీవి పేరు హల్లానియా. సలాలాకు తూర్పున నడి సముద్రంలో అయిదు దీవులున్నాయి. మనుషులుండేది ఈ ఒక్కదాంట్లోనే, వాళ్ళూ అందరూ కలిపి వందకు లోపే. రాళ్ళు పేర్చిన గుడిసెలు, కొన్ని మేకలు, ఉప్పునీళ్ళ బావి. తిండి అంటే చేపే. ఒకప్పటి మస్కట్ సుల్తాను ఈ దీవుల్ని ఇంగ్లండు రాణికి ఇచ్చేశాడట. ఇంగ్లీషువాళ్ళు పోతూ పోతూ మళ్ళీ మస్కట్‌కు ఇచ్చిపోయారు. మేము పోయిన డెబ్బై ఆరు నాటికి అది జరిగి తొమ్మిదేళ్ళు. కాదు, అవి మావి అని పక్క దేశం, ఏడెన్ వైపు వాళ్ళు అంటున్నారు. వహీద్ ట్రాన్సిస్టర్లో ఒక స్టేషను పెడితే దీవులు మావే, ఇంకో స్టేషను పెడితే మావే. జాహిదా వాళ్ళను మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు. వాళ్ళకు డాక్టరు లేడు, బడి లేదు. ప్రభుత్వం అంటే ఏడాదికోసారి పడవలో వచ్చే మనిషి.

ఆ ప్రభుత్వం ఇక మీదట కంటికి కనబడాలని ఒక ఆఫీసు గది, ఒక జెండా గద్దె, ఒక నీళ్ళ ట్యాంకు, పాత గోరీల చుట్టూ కంచె మంజూరు చేసింది. ఆ పని మా కంపెనీకి వచ్చింది. పనివాళ్ళందరూ జగిత్యాల, మెట్‌పల్లి దిక్కువాళ్ళు. నేను టైంకీపర్ని. కరీంనగర్‌లో బీఏ చదివాను. మా ఇంట్లో బడి గడప తొక్కింది నేనే మొదలు. ఇంజనీరు సత్యనారాయణమూర్తి గారు కాకినాడ మనిషి.

"బీయే సదివి మా హాజరు రాసుడేనా దాసు సారూ?" అని ఇస్తారి నన్ను ఊకే ఏడిపించేవాడు. జెండా గద్దెకు కాంక్రీటు పోస్తూ ఒకరోజు, "ఈ దీవి ఎవనిదో తేలినంక నాకో మాట జెప్పుర్రి సారూ. గానికే జెప్త, నీ దీవిల నీడ లేదురా బాడుకావ్ అని," అన్నాడు. అందరం నవ్వాం. మూర్తి గారు కూడా మూతి తుడుచుకుంటున్నట్టు నవ్వు దాచుకున్నారు.

ఆ మరుసటి వారమే, పడవలోంచి నీళ్ళ డ్రమ్ములు దింపుతుంటే అల వచ్చి, ఇస్తారి పడవకూ రాయికీ మధ్య నలిగిపోయాడు. జెట్టీ లేదక్కడ. రాయి మీద నిలబడి అందుకోవాల్సిందే. రాత్రి గడవకముందే ప్రాణం పోయింది. పడవ వెళ్ళిపోయింది, మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు, శవాన్ని ఉంచడానికి మంచు ముక్క లేదు.

"మా ఇండ్లల్ల కాలవెడ్తం సారు," అన్నాడు భూమయ్య.

దీవిలో చెట్టన్నది లేదు. ఉన్న కట్టెలన్నీ స్లాబు కింద పెట్టడానికి తెచ్చిన చెక్కలే. మూర్తి గారు చాలాసేపు ఆ చెక్కల వైపే చూశారు. "ఇవి కాల్చేస్తే స్లాబు దేని మీద పొయ్యను భూమయ్యా? మళ్ళీ చెక్క రావాలంటే వానాకాలం దాటాలి. ఏమనుకోకు నాయనా," అన్నారు. అబద్ధం కాదది. కానీ ఆ మాట భూమయ్య ముఖాన్ని ఏం చేసిందో నేను చూశాను.

నేలంతా బండ. గుంత పడే మెత్తటి మట్టి వాళ్ళ గోరీల దిబ్బలోనే ఉంది. మా మతం వేరని తెలిసి కూడా జాహిదా, "సముద్రం మింగినవాళ్ళకు ఇక్కడ ఎప్పుడూ చోటుంది," అని ఒక మూల చూపించింది. అక్కడ పూడ్చాం. నేను చిన్న సిమెంటు పలక పోయించి, అది ఆరకముందే మేకుతో రాశాను. ఇస్తారి, లస్మవ్వ కొడుకు, జగిత్యాల తాలూకా.

ఇది జరిగిన ఇరవై రోజులకు మూర్తి గారు నన్నూ భూమయ్యనూ పిలిచారు. చేతిలో వైర్లెస్ కాగితం.

"ఎల్లుండి పడవలో మజహర్ గారని మస్కట్ ప్రభుత్వం సర్వే ఆఫీసరు వస్తున్నారు. దీవి కొలతలు, జనం, ఇళ్ళు, గోరీలు, అన్నీ రాసుకుపోతారు. ఈ జనం తరతరాలుగా మనవాళ్ళే అనడానికి ఆ గోరీలే సాక్ష్యం. వాటి మధ్యన తెలుగు పలక ఏంటయ్యా?"

"మనవాళ్ళంటే ఎవరు సార్?" అన్నాను.

"వెటకారాలొద్దు దేవదాసూ. జీతం ఎవరిస్తే వాళ్ళు." ఆయన భూమయ్య వైపు తిరిగారు. "చూడు నాయనా. నీ మాట కాదని చెయ్యను. మీ అన్న కంచె లోపల ఉండాలంటే పలక తీసెయ్యాలి. వాళ్ళ లెక్కన తలకొక రాయి, కాళ్ళకొక రాయి పెడదాం. పలక ఉండాలంటే కంచె ఇటు నుంచి తిప్పేస్తాను, గోరీ అవతల పడుతుంది. మేకలు తొక్కుతాయి, రేపు ఆ పక్కనే జెట్టీకి దారి వేస్తారు, లారీలు తిరుగుతాయి. నువ్వే చెప్పు."

"పేరు దీస్తె మా అన్న ఎవలైతడు సారు?"

"ఎవరూ కాడు. ఒక గోరీ. అంతే."

భూమయ్య ఆ పూట అన్నం తినలేదు. సాయంత్రం వచ్చి నా పక్కన కూచున్నాడు.

"ఈడ తెలుగు సదివేటోళ్ళు ఎవలున్నరు దాసు సారూ? నువ్వొక్కనివి. నువ్వూ రేపో మాపో వోతవు. మేకలైతె ఈన్నే ఉంటయి."

"పేరు లేకపోతే ఎట్లరా? రేపు మీ అవ్వ అడిగితే ఏం జెప్తవు?"

"మందిల ఉన్నడని జెప్త. ఒక్కడే లేడని జెప్త." లేచి దుమ్ము దులుపుకొని, "పలక దీద్దాం," అన్నాడు.

తీశాం. భూమయ్య దాన్ని గోనెసంచిలో చుట్టి తన మంచం కింద పెట్టుకున్నాడు. అన్నకు రెండు రాళ్ళు తనే ఏరుకొచ్చి పాతాడు.

మజహర్ గారు కరాచీ మనిషి. గొడుగు వేసుకొని, కళ్ళద్దాలు తుడుచుకుంటూ, ఎండ పొద్దంతా ఓపిగ్గా తిరిగారు. మర్యాదస్తుడు. టేపు పట్టిన భూమయ్యను, భీమన్నను కూడా మీరు అనే పిలిచారు. ఎవరూ నోరు విప్పొద్దని మూర్తి గారు ముందే చెప్పి ఉంచారు. కొండ ఎత్తు, బావి లోతు, గుడిసెలు అయ్యాయి. చివరికి గోరీల దిబ్బకు వచ్చాం. జాహిదా, ఇంకో ఇద్దరు ముసలివాళ్ళు రాళ్ళ మీద కూచొని చూస్తున్నారు.

ఇస్తారి దగ్గర మజహర్ గారు ఆగారు. మట్టి ఇంకా అణగలేదు. ఇది కొత్తదిలా ఉందే అని ఉర్దూలో అడిగారు.

"ఇక్కడివాళ్ళెవరో అయ్యుంటారు సార్," అన్నారు మూర్తి గారు.

మజహర్ గారు అంతటితో వదిలే మనిషి కాదు. వహీద్ చేత జాహిదాను అడిగించారు. టేపు కొస పట్టుకొని తల దించుకున్న భూమయ్యను చూసింది. తరువాత రెండు ముక్కలు అంది.

వహీద్ మజహర్ గారి వైపు తిరిగాడు. "హమారా హై, అంటుంది సాబ్. మావాడే అని."

మజహర్ గారి పెన్సిలు కాగితం మీద ఆనింది. అప్పుడు భూమయ్య చేతిలోంచి టేపు జారి, సరసరా చుట్టుకుంటూ భీమన్న దగ్గరికి పోయింది.

"నై సాబ్! మేరా భాయి. ఇస్తారి నామ్. మేరా సగా భాయి."

"భూమయ్యా, నోర్ముయ్!" అన్నారు మూర్తి గారు.

"ఎట్ల మూస్త సారు? కాలవెట్టొద్దంటిరి, మంచిదంటి. పేరు తియ్యిమంటిరి, తీస్తి. ఇగ తోడవుట్టినోన్ని గుడ వాళ్ళోడే అంటుంటె నోట్ల మన్ను వోసుకొని నిలవడాల్నా? మా అవ్వ ఇంక బత్కే ఉంది సారు!"

మజహర్ గారు నా వైపు తిరిగి నిజమేనా అని ఇంగ్లీషులో అడిగారు. నిజమేనని చెప్పాను. ఎలా పోయాడో, కట్టెలెందుకు దొరకలేదో, పలక ఎక్కడుందో మొత్తం చెప్పాను. మూర్తి గారు సముద్రం వైపు చూస్తూ నిలబడ్డారు.

మజహర్ గారు కళ్ళద్దాలు తీసి భూమయ్య భుజం మీద చెయ్యి వేశారు. చాలా బాధగా ఉందన్నారు. ఆ బాధ నిజమేననుకుంటాను. ఆ తరువాత నాతో అన్నారు. "కానీ మీరు చదువుకున్నవారు, మీకు తెలుస్తుంది. పరదేశి సమాధిని ఇందులో కలిపి చూపిస్తే, రేపు అవతలివాళ్ళు మిగతావన్నీ కూలీల సమాధులే అంటారు." కాగితం మీద కంచె గీతను రబ్బరుతో చెరిపి, ఇస్తారి దగ్గర లోపలికి వంచి, ఆ గోరీ అవతల పడేట్టు మళ్ళీ గీశారు. పెన్సిలుతో రెండు నిమిషాల పని.

ఏం జరిగిందో వహీద్ జాహిదాకు చెప్పాడు. ఆమె ముసుగు ముఖం మీదికి లాక్కొని, మేకల్ని అదిలించుకుంటూ వెళ్ళిపోయింది. భూమయ్య ఆమె వెనక నాలుగడుగులు వేశాడు గానీ పిలవడానికి ఆమె భాషలో అతనికి ఒక్క మాటా రాదు.

కంచె గుంతలు తీసేటప్పుడు భీమన్న, "నువ్వు కూసో భూమా, ఆ మూలది నేను తవ్వుత," అన్నాడు.

"ఎందుకు? నా నోరే గదా గీత గీయించింది. గుంత గుడ నేనే తీస్త," అని భూమయ్య గడ్డపార గుంజుకున్నాడు. అన్నకూ మిగతా చచ్చిపోయినవాళ్ళకూ మధ్య ఇనుప కడ్డీలు పాతాడు. తలకు, కాళ్ళకు పెట్టిన రెండు రాళ్ళను పీకి, కడ్డీ కదలకుండా దాని అడుగున కొట్టాడు. పలకను మంచం కిందినుంచి తెచ్చి నిలబెట్టాడు. నేను అక్షరాలకు నల్లరంగు దిద్దాను. బాగా కనబడుతున్నాయా అని భూమయ్య అడిగాడు. అతనికి చదువు రాదు. బాగా కనబడుతున్నాయని చెప్పాను.

మే నెల ఆఖరుకు సముద్రం లేవడం మొదలుపెట్టింది. ఇక నాలుగు నెలలు పడవలు రావు. పనులు అయిపోయాయి గనుక మమ్మల్నందరినీ ఎక్కించుకుపోవడానికి ఆఖరి పడవ వచ్చింది. సామాను ఎక్కిస్తుంటే భూమయ్య వహీద్‌ను చెయ్యి పట్టుకొని జాహిదా గుడిసె దగ్గరికి లాక్కుపోయాడు. నేనూ వెళ్ళాను.

"ఆమెను అడుగు వహీద్ బాయీ. మేకలు పలక దిక్కు రాకుంట జర సూస్తదా అని. మా అవ్వ లెక్క అనుకొని అడుగుతున్ననని జెప్పు."

వహీద్ చెప్పాడు. జాహిదా వల అల్లుతూ, చేతులు ఆపకుండానే జవాబిచ్చింది. పొడుగ్గానే మాట్లాడింది. వహీద్ విని, పడవ వైపు నడవబోయాడు.

"ఏమన్నదే?" అన్నాడు భూమయ్య.

"చలో, పడవకు టైమవుతుంది."

"ఏమన్నదో జెప్పు."

"చేప వేసినప్పుడు మావాడే, చోటిచ్చినప్పుడు మావాడే అనుకున్నానంటుంది. అందరి ముందట కాదన్నావంట. కంచె కూడా నువ్వే వేశావంట. ఇప్పుడు ఎవరి మనిషని కాపలా కాయాలి, అని అడుగుతుంది."

భూమయ్య అక్కడే నిలబడ్డాడు, ఆమె ఇంకేమైనా అంటుందేమోనని. ఆమె దారం తెంపి, కొత్త దారం ఎక్కించుకుంది.

పడవ కదిలాక అందరం వెనక్కి చూస్తూ కూచున్నాం. ముందు పలక కనబడకుండా పోయింది, అది మోకాలి ఎత్తు కూడా లేదు. ఆ తరువాత కంచె. గద్దె మీది జెండా మాత్రం చాలాసేపు కనబడుతూనే ఉంది. భూమయ్య అటు వీపు పెట్టి కూచున్నాడు.