కాలు తియ్యకు

పొగమంచులోంచి ముందు శబ్దం వచ్చింది.

తర్వాతే కారు.

గరగరమని, వేడి ఇసుకలో శనగలు వేయిస్తున్నట్టు... పెళ్లయినప్పటి నుంచీ వాల్‌బుర్గా చెవులకు అలవాటైన శబ్దం. ఈరోజు మాత్రం బయట నిలబడి వింటోంది. షెడ్డులోంచి కారు తీసింది కూతురు ఫ్రీడెరికె.

ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకానే రోడ్డెక్కాలని ఆ కారు నంబరు ప్లేటు మీదే ఉంది. ఇది అక్టోబరు ఆఖరి రోజు. రేపట్నుంచి చలికాలమంతా దుప్పటి కింద నిద్రే. అందుకే ఫ్రీడెరికె పట్టుబట్టింది. కొండ మీది చెరువు దాకా పాతది తను నడుపుతుంది, వెనకాల తన కొత్తది అమ్మ నడపాలి.

రెండూ ష్టుట్‌గార్ట్‌లో ఒకే ఫ్యాక్టరీలో పుట్టినవే. అవే గుండ్రటి కళ్లు. అదే వాలు వీపు. ఇంజను రెంటికీ వెనకే. పక్కపక్కన నిలబెడితే పాతది కొత్తదాని ఒళ్లో పిల్లలా ఉంటుంది... వయసుకు మాత్రం అదే అవ్వ.

"ఈ నూనె వాసనకి తల తిరుగుతోందమ్మా. ఇన్నేళ్లు ఎలా భరించావు?"

"మీ నాన్ననే భరించాను, ఇదెంత. ఒక్కమాట విను. మలుపులో భయమేస్తే కాలు తియ్యకు. యాక్సిలరేటర్ తొక్కే ఉంచు. తీశావంటే కారు వెనక భాగం గిర్రున ముందుకొచ్చేస్తుంది."

"భయమేస్తే తొక్కమంటావు. బాగానే ఉంది నీ పాఠం."

నవ్వుతూ వెళ్లిపోయింది.

అడవి మొదలైంది. రాలిన ఆకులు తడిసి రోడ్డుకు అంటుకుపోయి ఉన్నాయి.

కొత్త కారు మెత్తగా ఉంది. మరీ మెత్తగా. పాతదైతే ప్రతి గులకరాయినీ అరచేతికి చెప్పేది, జారబోయే ముందు గొణిగేది. ఇది గొణగదు. మర్యాదగా మోసుకుపోతోంది.

మొదటి మలుపులో, ఎదురుగా మీటర్ల మధ్య చిన్న పసుపు దీపం వెలిగి ఆరింది.

ఏమిటో అనుకుంది.

రెండో మలుపులో మళ్లీ —

అప్పుడు అర్థమైంది. చక్రం జారింది. జారుతుంటే కారే పట్టుకుంది, ఆమెను అడగకుండా, ఆమెకు తెలియనివ్వకుండా.

ఇన్నాళ్లూ ఫ్రీడెరికెను కూడా ఇలాగే పట్టుకుంటూ వచ్చి ఉంటుంది. భయమేసిన ప్రతిసారీ పిల్ల కాలు తీసే ఉంటుంది. దీపం వెలిగి, ఆరి... అంతా సర్దుకునే ఉంటుంది. ఆ కాలికి అదే అలవాటు.

పాత కారులో ఆ దీపం లేదు. పట్టుకునే చెయ్యి లేదు.

ముందు పెద్ద మలుపు. ఒకవైపు రాతి గోడ, ఒకవైపు లోయ.

వాల్‌బుర్గా చెయ్యి హారన్ మీదికి వెళ్లింది. ఆగిపోయింది.

హారన్ కొడితే పిల్ల ఉలిక్కిపడుతుంది. ఉలిక్కిపడితే కాలు తీస్తుంది.

లైట్లు వేసినా అంతే. ఫోను మోగినా అంతే.

తల్లి చెయ్యగలిగింది ఒక్కటే — ఏమీ చెయ్యకపోవడం.

కిటికీ అద్దం దించింది. తడి ఆకుల వాసన, దాని మీద నూనె వాసన. పాత కారును పొగమంచు మింగేసింది. వెనక ఎర్ర దీపాలు కూడా కనపడటం లేదు. శబ్దం ఒక్కటే మిగిలింది. కాలు తొక్కి ఉన్నంతసేపే దానికా జోరు.

గరగర... గరగర...

తొక్కే ఉంచు, తల్లీ. తొక్కే ఉంచు.

కొత్త కారు మలుపులోకి దిగింది. పసుపు దీపం వెలిగి ఆరింది. ఆమెను మళ్లీ కాపాడింది.

పొగమంచులో —

శబ్దం తగ్గింది.